అద్దింట్లో కోట్ స్టాండ్ కొనేముందు కాళ్లు చూడండి

గోడకు మేకు కొడితే ఓనర్ ఊరుకోరు, తలుపు పక్కన పెట్టుకునే కోట్ స్టాండ్ కొనొచ్చా అని అడిగారు. కొనండి. కాకపోతే మన హైదరాబాద్‌లో దానికి కోటు ఎక్కేది ఎప్పుడో చలికాలంలో నాలుగు రోజులు. మిగతా ఏడాదంతా హెల్మెట్లు, ల్యాప్‌టాప్ బ్యాగులు, చున్నీలు, తడి రెయిన్‌కోట్లే.

కూకట్‌పల్లిలో అద్దెకు దిగినప్పుడు మేమూ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాం. ఇనప గొట్టం, మూడు ముక్కలు, మరలు తిప్పి బిగించుకోవాలి. కాళ్లు మూడు. ఓ వానరోజు మా ఆయన హెల్మెట్లు రెండూ పక్కపక్క కొక్కేలకు తగిలించి, బ్యాగు కూడా అటే వేశారు. నేను వంటింట్లో ఉన్నా. ధడేల్‌మని చప్పుడు. వచ్చి చూస్తే స్టాండ్ బోర్లా పడుంది, హెల్మెట్ అద్దం షూ ర్యాక్ అంచుకి తగిలి నిలువునా చీలింది. ల్యాప్‌టాప్ బతికింది, అదే పదివేలు.

తప్పు సగం మాదే. ఫుల్ ఫేస్ హెల్మెట్ ఒక్కోటి కిలోన్నర దాకా ఉంటుంది. మూడు కాళ్ల స్టాండ్ కాలు ఉన్న వైపు బాగానే ఆగుతుంది, రెండు కాళ్ల సందులోకే తేలిగ్గా ఒరుగుతుంది. నడుమ నుంచి కాలు 12 అంగుళాలు చాచుకుని ఉన్నా, ఆ సందు వైపు దానికి దన్ను 6 అంగుళాలే. అదే నాలుగు కాళ్లదైతే ఎనిమిదిన్నర దాకా వస్తుంది. ఇప్పుడు బరువైనవి సరిగ్గా కాలికి పైన, కింది కొక్కేలకే తగిలిస్తున్నాం. కాళ్ల మీద ఆనేలా ఓ షాబాదు బండ ముక్క కూడా పెట్టాం. చూడ్డానికి అందంగా ఉండదు గానీ మళ్లీ పడలేదు.

షాపులో కొనేటట్టయితే మీ హెల్మెట్ పట్టుకెళ్లి ఒకే వైపు తగిలించి, కాస్త లాగి చూడండి. సేల్స్‌మ్యాన్ వింతగా చూస్తాడు, చూడనివ్వండి. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత చెక్కవి దొరికితే అతుకులు ఊపి చూడండి. చెక్కపొట్టు అదిమి చేసిన బోర్డు పీట ఉన్నది మాత్రం వద్దు, రెయిన్‌కోటు నీళ్లకి ఉబ్బిపోతుంది. తడి కోటు ముందు బాల్కనీ దండెం మీద ఆరాకే స్టాండ్ మీదికి రావాలి.

అన్నట్టు, రాత్రి కరెంటు పోతే అచ్చం మనిషి నిలబడ్డట్టే ఉంటుంది. మా అత్తయ్య రెండుసార్లు జడుసుకున్నారు. హాల్లోంచి కనబడని మూల చూసుకోండి.

పట్టుకుని వేలాడే వయసు పిల్లలుంటే ఇవన్నీ వదిలేయండి. ఓనర్ని బతిమాలి గోడకే ఓ చిలక్కొయ్యల పలక కొట్టించుకోండి. ఖాళీ చేసేటప్పుడు చిల్లులు పూడ్చి సున్నం వేయిస్తామంటే మా ఇప్పటి ఓనర్ ఒప్పుకున్నారు.