పాటల వరుస మారితే ఆల్బమ్ నిజంగా మారుతుందా?

ఎనిమిది పాటలు సిద్ధమయ్యాయనీ, అందరూ షఫుల్‌లో వినే ఈ రోజుల్లో వాటిని ఏ వరుసలో పెడితే ఏమిటని మిత్రులు అంటున్నారనీ, అయినా మీ మనసు ఒప్పుకోవడం లేదనీ రాశారు. మీ మనసు చెబుతున్నదే సరైనదని నా అభిప్రాయం. స్వతంత్ర కళాకారుల ఆల్బమ్‌లకు మిక్సింగ్ (విడివిడిగా రికార్డు చేసిన గొంతులను, వాద్యాలను కలపడం), మాస్టరింగ్ (విడుదలకు ముందు ధ్వనికి తుది మెరుగులు దిద్దడం) చేసే పనిలో చాలాకాలంగా ఉన్నాను. పాటలన్నీ పూర్తయ్యాక వాటి వరుస తేల్చడానికి కళాకారులతో కలిసి కూర్చునే ఘట్టం ఆ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. శ్రోత ఏ పాటనూ విడిగా వినడు, ముందు పాట చెవిలో ఇంకా మోగుతుండగానే వింటాడు. అందువల్ల వరుస గురించి ఆలోచించేటప్పుడు నేను పాటల కన్నా వాటి మధ్య ఉన్న అతుకుల మీదే ఎక్కువ దృష్టి పెడతాను.

అతుకు దగ్గర అన్నిటికన్నా ముందు బయటపడేది శ్రుతి. ఒక గాయని ఆల్బమ్‌లో మూడో పాట వాద్యాలేవీ లేకుండా ఒంటి గొంతుతో మొదలయ్యేది. దాని ముందున్న పాట నిండు వాద్యబృందంతో, సరిగ్గా ఒక స్వరస్థానం పై శ్రుతిలో, చివరి స్వరం చాలాసేపు మోగుతూ ముగిసేది. విడిగా వింటే ఏ లోపమూ కనిపించని ఆ గానం, ఈ పాట తరువాత వినగానే మొదటి పంక్తి పొడవునా శ్రుతి తప్పినట్టు అనిపించింది. చెవి ఇంకా పాత షడ్జాన్నే (ఆధార స్వరాన్నే) పట్టుకుని ఉండటమే దానికి కారణం. ఆమె కలవరపడి ఆ పంక్తిని మళ్లీ పాడతానన్నారు. మధ్యలో విరామాన్ని నాలుగు సెకన్లకు పెంచి చూస్తే ఇబ్బంది కొంతే తగ్గింది. ముందు పాటను అక్కడి నుంచి తీసి, మూడో పాట శ్రుతికి పంచమంలో ఉన్న మరో పాటను ఆ స్థానంలో పెట్టగానే అదే రికార్డింగ్ ఎంతో నిలకడగా, ధీమాగా వినిపించింది. ఆమె మళ్లీ పాడవలసిన అవసరమే రాలేదు.

టెంపో విషయంలో నేను గమనించింది ఒకటుంది. వేగం బాగా తగ్గితే శ్రోత దాన్ని కొత్త భావంగా స్వీకరిస్తాడు కానీ, నిమిషానికి 100 బీట్ల పాట వెంట 95 బీట్ల పాట వస్తే రెండోది ఈడ్చుకుంటున్నట్టు అనిపిస్తుంది. అలాంటి జంటలో నెమ్మదైనదాన్ని ముందుకు తెస్తే చాలు, రెండింటికీ ప్రాణం వస్తుంది. ధ్వని తీవ్రత కూడా ఇలాగే పనిచేస్తుంది: హోరెత్తే పాట తరువాత వచ్చే మెల్లని పాట ఉన్నదానికన్నా చిన్నగా వినిపిస్తుంది కాబట్టి, వరుస తేలకుండా మాస్టరింగ్‌కు కూర్చోవడం నాకు ఇష్టం ఉండదు.

పాటల మధ్య నిశ్శబ్దం కూడా వరుసలో భాగమే. దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ 1969లో వచ్చిన బీటిల్స్ ఆల్బమ్ 'అబ్బే రోడ్'. అందులో 'హర్ మెజెస్టీ' అనే అతి చిన్న పాటను మొదట ఒక మెడ్లీ (ఆగకుండా ఒకదానిలోంచి మరొకటి సాగే చిన్న పాటల గుచ్ఛం) మధ్యలో అనుకుని, తరువాత కోసి తీసేశారు. స్టూడియో సిబ్బంది దాన్ని పారేయకుండా టేపు చివర అతికించడంతో, అది దాదాపు 14 సెకన్ల నిశ్శబ్దం తరువాత ఆల్బమ్ చివర మిగిలిపోయింది. జాగ్రత్తగా వింటే ఆ కోత గుర్తులు ఇప్పటికీ దొరుకుతాయి: పాట మొదట్లో పెద్దగా మోగే కార్డ్ (ఒకేసారి పలికే కొన్ని స్వరాల కలయిక) నిజానికి దాని ముందున్న పాట ముగింపు, ఆఖరి స్వరం మాత్రం అసలు వినిపించదు. మెడ్లీ మధ్యలో ఉంటే ఒక మలుపుగా గడిచిపోవలసిన పాట, అంత నిశ్శబ్దం తరువాత ఎవరూ ఊహించని కొసమెరుపు అయింది.

పాతకాలంలో వరుసను యంత్రం కూడా శాసించేది. 1948లో వచ్చిన ఎల్పీ రికార్డులో ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు కాస్త అటూ ఇటూగా పట్టేది. పళ్లెం తిరిగే వేగం మారకపోయినా ముల్లు మధ్యకు జరిగేకొద్దీ దాని కింద గాడి కదిలే వేగం తగ్గుతుంది. బయటి అంచున సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్లు ఉండేది లోపలికి వచ్చేసరికి సగం కన్నా తక్కువవుతుంది. అక్కడ పదునైన పై స్వరాలు చెదిరిపోతాయి కాబట్టి ఒక్కో వైపు చివర మెత్తని పాటలు పెట్టడం సురక్షితంగా ఉండేది. రికార్డు తిప్పవలసి రావడం వల్ల ఆల్బమ్‌కు రెండు ప్రారంభాలు, రెండు ముగింపులు కూడా దక్కేవి. ఆ సౌకర్యం ఇప్పుడు లేదు. శ్రోత సగం దాటాక జారిపోయే ప్రమాదం ఎక్కువ కాబట్టి, మీ ఎనిమిది పాటల్లో అయిదోదాన్ని రెండో వైపు మొదటి పాటగా భావించి, తాజా ఊపిరి ఉన్నదాన్ని అక్కడ పెట్టండి.

అర్థం సంగతికి వస్తే, వరుస కథనే తిరగేయగలదు. అమెరికన్ ర్యాపర్ కెండ్రిక్ లమార్ 2017లో 'డ్యామ్' అనే ఆల్బమ్ విడుదల చేసి, అదే సంవత్సరం చివర్లో ఆ 14 పాటలనే పూర్తిగా తలకిందుల వరుసలో మళ్లీ తెచ్చారు. మొదటి కూర్పులో కథకుడిపై కాల్పులు ప్రారంభంలోనే జరుగుతాయి, చివరి పాట ముగింపులో శబ్దమంతా వెనక్కి తిరిగి ఆల్బమ్ తొలి మాటలకు చేరుతుంది. తలకిందుల కూర్పులో ఆ తుపాకీ శబ్దమే ముగింపు దగ్గరకు వస్తుంది. ఒక దాంట్లో మరో అవకాశం ఉంది, రెండో దాంట్లో లేదు. విరహగీతం తరువాత సమాగమగీతం పెట్టడానికీ, వాటిని తారుమారు చేయడానికీ మధ్య తేడా మీ ఆల్బమ్‌లోనూ ఇంతే ఉంటుంది.

మీ మిత్రులు చెప్పిన షఫుల్ నిజమే. అయితే 2021లో గాయని అడెల్ కోరిక మేరకు, ఆన్‌లైన్‌లో పాటలు వినిపించే స్పాటిఫై తన ఆల్బమ్ పేజీలో షఫుల్ ముందుగా ఉండకుండా మార్చింది. ఆ వేదిక మీద ఆల్బమ్‌ను వరుసగా వింటే పాటల మధ్య ధ్వని తేడాలు అలాగే నిలుస్తాయి, షఫుల్ చేస్తే ఒక్కో పాట ధ్వనిని విడిగా సరిచేస్తారు. వరుసగా వినేవారికి మీ ఉద్దేశం చెక్కుచెదరకుండా చేరుతుందన్నమాట. అక్కడ ముప్పై సెకన్లు విన్నాకే ఒక వినికిడిగా లెక్కిస్తారని ఆకట్టుకునే పాటలన్నీ ముందుకు నెట్టేవారిని చూస్తున్నాను. ఆ పద్ధతి నాకు సమ్మతం కాదు, ఎందుకంటే చివరిదాకా వినాలని వచ్చిన శ్రోతకు అది రెండో సగాన్ని వెలవెలబోయేలా చేస్తుంది. మొదటి పాట మీ లోకాన్ని పరిచయం చేయాలి; అందరికీ సులువుగా నచ్చే పాటకు రెండో స్థానం చక్కగా సరిపోతుంది.

పని మొదలుపెట్టేటప్పుడు ముందుగా ఆఖరి పాటను తేల్చుకోండి. దేని తరువాత ఇంకేమీ వినాలనిపించదో అదే ఆఖరిది. తరువాత మీకు అనుమానమున్న ప్రతి జంటకూ, ఒక పాట చివరి ఇరవై సెకన్లనూ మరో పాట మొదటి ఇరవై సెకన్లనూ కలిపి చిన్న ఫైళ్లు చేసుకుని, తక్కువ ధ్వనిలో వినండి. విరామాల నిడివి తేలాక ఆ నిశ్శబ్దాన్ని ముందు పాట ఫైలు చివరన ఉంచమని మాస్టరింగ్ చేసేవారికి చెప్పండి. తరువాతి పాట మొదట్లో ఉంచితే, నేరుగా ఆ పాటను నొక్కినవారికి మొదట ఖాళీయే వినిపిస్తుంది.