కాలు కింద పెట్టేలోపు, పెట్టాక

అమ్మలూ,

మెట్ల మీంచి జారి చీలమండ రెండు పక్కలా విరిగిందనీ, ప్లేటూ స్క్రూలూ వేసి స్లాబ్, అంటే ఒకవైపే ఉండే సిమెంటు కట్టు, కట్టారనీ మీ అమ్మ చెప్పింది. ఆరు వారాలు కాలు కింద మోపొద్దన్నారట. ఆ మాట విని చాలామంది ఆరు వారాలూ మంచాన పడుకోమన్నారనుకుంటారు. డాక్టరు వద్దన్నది బరువు వేయడం ఒక్కటే. కట్టులో ఉన్న చీలమండ తప్ప మిగతా కాలంతా రోజూ కదలాలి. లేకపోతే పదిహేను రోజులు తిరిగేసరికి తొడ సన్నబడటం కంటికే కనిపిస్తుంది. ఆ తర్వాత ఎముక అతికినా నిలబడే బలం ఉండదు.

ముందు వాపు సంగతి చూసుకో. కుట్లు విప్పే దాకా, అంటే దాదాపు రెండు వారాలు, అన్నిటికంటే ముఖ్యం ఇదే. వాపు దిగకపోతే చర్మం బిగుసుకుని కుట్లు సరిగా మానవు. కుర్చీలో కూర్చుని ఎదురుగా స్టూలు మీద కాలు పెడితే సరిపోదు, కాలు ఇంకా గుండె కంటే కిందే ఉంటుంది. వెల్లకిలా పడుకుని, పిక్క కింద రెండు గట్టి దిళ్ళు పెట్టుకో. కాలివేళ్ళు నీ ముక్కు కంటే ఎత్తులో కనబడాలి. మడమ మాత్రం దిండుకి తగలకుండా గాల్లో ఉండాలి. గంటల తరబడి ఒకేచోట ఒత్తుకుంటే మడమకి పుండు పడుతుంది, అది మానడానికి నెలలు పట్టొచ్చు. లేచినప్పుడు వేళ్ళు ఊదారంగుకి తిరగొచ్చు. కాలు ఎత్తిపెట్టిన ఐదు పది నిమిషాల్లో రంగు మామూలుకి వస్తే కంగారు పడకు.

కంగారు పడాల్సినవి వేరే ఉన్నాయి. మాత్ర వేసుకున్నా నొప్పి గంటగంటకీ పెరగడం, వేళ్ళు వెనక్కి వంచితే ప్రాణం పోయినంత నొప్పి రావడం, వేళ్ళు చల్లబడటం, తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోవడం. వీటిలో ఏది వచ్చినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్ళు, తెల్లారేదాకా ఆగొద్దు. కట్టు లోపల ఒత్తిడి పెరిగి కండకి రక్తం అందడం లేదేమో, కొన్ని గంటలు ఆలస్యమైతే కండ చచ్చిపోతుంది. పిక్క వేడిగా, గట్టిగా, నొప్పిగా మారినా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీనొప్పి వచ్చినా అంతే, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. కట్టు మీద తడి మరక, దుర్వాసన, జ్వరం కనిపిస్తే అదేరోజు చూపించు.

ఇక కదపాల్సినవి. మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి కాలివేళ్ళు పదిహేనుసార్లు ముడిచి చాపు. మోకాలు చాపి, దాని వెనకభాగాన్ని పరుపులోకి నొక్కుతూ తొడ బిగించి ఐదు లెక్కపెట్టి వదులు. ఇది పదిసార్లు, రోజుకి నాలుగు విడతలు. తర్వాత మోకాలు వంచకుండా కాలు జానెడు ఎత్తి నెమ్మదిగా దించు, అదీ పదిసార్లే. స్లాబ్ బరువు ఉంటుంది కనుక మొదట్లో ఐదైనా చాలు. దురద పెడితే కట్టులోకి స్కేలూ పుల్లా దూర్చకు. గీరుకుంటే లోపల పుండవుతుంది, బయటికి తెలియదు.

వాకర్ ఎత్తు సరిచూసుకో. నిటారుగా నిలబడి చేతులు వేలాడేస్తే పిడి మణికట్టు దగ్గరికి రావాలి. చంకకర్రలైతే పైభాగానికీ చంకకీ మధ్య మూడు వేళ్ళ సందుండాలి, బరువంతా అరచేతుల మీదే పడాలి. చంకలతో వేలాడితే నరం నొక్కుకుని మణికట్టు వాలిపోతుంది. కింది రబ్బరు బుష్షులు అరిగాయేమో వారానికోసారి తిప్పి చూడు. తడి బాత్రూములో అరిగిన బుష్షుతో మళ్ళీ జారేవాళ్ళున్నారు. స్నానం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే చెయ్యి, కాలికి కవరు తొడిగి స్టూలు మీద బయటికి చాపు. మెట్లు తప్పనిసరైతే కూర్చుని ఒక్కో మెట్టే జరుగు, అందులో నామోషీ ఏమీ లేదు.

తిండి దగ్గర ఇంట్లో గొడవ వస్తుంది, ముందే చెబుతున్నా. పప్పు తింటే చీము, వంకాయ తింటే చీము అని పత్యం పెడతారు. చీము పట్టించేది సూక్ష్మక్రిములు, పప్పు కాదు. ఎముకకీ కండకీ మాంసకృత్తులు కావాలి. నీ బరువు అరవై కిలోలనుకుంటే రోజుకి 60 నుంచి 70 గ్రాములు. గుడ్డులో 6 గ్రాములు, పావులీటరు పాలలో 8, వంద గ్రాముల కోడిమాంసంలో పాతిక దాకా ఉంటాయి. మూడుపూటలా పప్పో గుడ్డో పెరుగో ఉంటే తప్ప ఆ లెక్క తేలదు. రాగులు మంచివే, వంద గ్రాముల పిండిలో 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది. డి విటమిను 60,000 యూనిట్ల మోతాదు రాస్తే అది సాధారణంగా వారానికొకటి. రోజూ వేసుకునేదనుకుని పొరబడేవాళ్ళున్నారు, చీటీ మళ్ళీ చదువు. నాటు ఎముకల కట్టుకి పుత్తూరు తీసుకెళ్దామని ఎవరో ఒకరు అంటారు. ప్లేటు వేసిన కాలికి పైన ఇంకో కట్టు అక్కర్లేదు, నూనె మర్దనా వద్దు.

ఆరో వారం ఎక్స్‌రే చూసి కొంచెం బరువు మోపమంటారు. ఆ కొంచెం ఎంతో అడుగు, కిలోల్లో చెప్పించుకో. పదిహేను కిలోలంటే ఎంతో కాలికి తెలియదు కాబట్టి బరువు చూసే మిషను తెచ్చుకో. వాకర్ పట్టుకుని దెబ్బకాలు మిషను మీద, మంచికాలు దాని ఎత్తే ఉన్న పుస్తకాల మీద పెట్టు. ముల్లు 15 చూపేదాకా నొక్కి వదులు. రోజుకి పదిసార్లు చేస్తే మూడో రోజుకి ఆ బరువు పాదానికి అలవాటవుతుంది.

ఎంత చెయ్యాలన్నదానికి మరునాటి పొద్దున్నే చూసుకోవాలి. సాయంత్రం వాచినా తెల్లారేసరికి దిగితే సరిగ్గా చేసినట్టే. పొద్దుటికీ నొప్పీ వాపూ అలాగే ఉంటే ఆరోజు సగం చెయ్యి, పూర్తిగా మాత్రం మానెయ్యకు. సాయంత్రపు వాపు ఆరునెలల నుంచి ఏడాది దాకా ఉండొచ్చు.

వాకర్ నుంచి ఒంటికర్రకి మారినప్పుడు కర్ర మంచికాలి వైపు చేతిలో పట్టుకో. ఎక్కువమంది దెబ్బకాలి వైపే పట్టుకుని ఒంగి నడుస్తారు. కుంటు పోకముందే కర్ర వదిలేస్తే ఆ కుంటే నడకగా స్థిరపడుతుంది, తర్వాత మానడం చాలా కష్టం. కర్రతో మెట్లెక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు దెబ్బకాలు ముందు. ఇంట్లో కూడా మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులే వేసుకో, హవాయి చెప్పులు వద్దు.

డాక్టరు చీలమండ కదపమన్నాక, కూర్చుని బొటనవేలితో గాల్లో అ నుంచి అః దాకా రాయి, రోజుకి మూడుసార్లు. తువ్వాలు పాదానికి వేసి నీవైపు లాగి ముప్ఫై సెకన్లు పట్టు, ఇది మూడుసార్లు. పూర్తి బరువు మోపమన్నాక గోడ ఎదురుగా నిలబడి, మడమ లేపకుండా మోకాలు గోడకి తాకించి చూడు. బొటనవేలు గోడకి ఎక్కువలో ఎక్కువ ఎంత దూరంలో ఉండగా మోకాలు తాకించగలుగుతున్నావో రెండు కాళ్ళకీ టేపుతో కొలిచి రాసుకో, వారానికోసారి. ఆ తేడా రెండు సెంటీమీటర్లలోపుకి వస్తే ముందు పీట మీద కూర్చుని చూడు, తర్వాత నేల మీద బాసింపట్టు. గొంతుకూర్చోవడం అన్నిటికంటే చివర. బండి నడపడం, దెబ్బకాలి మీద ఒంటిగా ముప్ఫై సెకన్లు నిలబడగలిగాకే, అదీ డాక్టరు సరేనన్నాక. సిగ్నల్ దగ్గర ఆగితే బండి బరువు, నీ బరువు ఆ పాదమే ఆపాలి.

గోడ దగ్గర మొదటి కొలత తీసుకున్నాక ఆ రెండు అంకెలూ నాకు రాసి పంపు.

ఆశీస్సులతో,
పిన్ని