తేలికపాటి రిమ్‌ఫైర్ రైఫిల్ గుళ్ళను చెదరగొడుతుంటే ముందుగా బ్యారెల్‌ను అనుమానించకండి

మీ ప్రశ్న సారాంశం ఇది: సన్నని బ్యారెల్ (గొట్టం), ప్లాస్టిక్ స్టాక్ (బ్యారెల్‌ను మోసే దిమ్మ) ఉన్న, పాయింట్ 22 లాంగ్ రైఫిల్ అనే చిన్న రిమ్‌ఫైర్ తూటాను (అడుగు అంచు మీద దెబ్బతో పేలేదాన్ని) కాల్చే మీ రైఫిల్ 50 మీటర్ల దూరంలో ఒకసారి గుళ్ళన్నీ దగ్గరగా పడే చక్కని గ్రూప్ ఇస్తుంది, మరోసారి అరచేయంత వెడల్పున చెదరగొడుతుంది, కాబట్టి బరువైన కొత్త బ్యారెల్ వేయించాలా అని అడిగారు. ఇప్పుడే వద్దని నా గట్టి సలహా. నిజంగా చెడిపోయిన బ్యారెల్ రోజూ ఒకేలా చెడుగా కొడుతుంది. ఒకసారి బాగా, ఒకసారి చెడ్డగా కొట్టే రైఫిల్‌లో ఏదో ఒకటి ప్రతి గుండుకూ మారుతూ ఉంటుంది. ఆ మారుతున్నదేమిటో పట్టుకోకుండా అన్నిటికంటే ఖరీదైన భాగాన్ని ముందుగా మార్చడం మన షూటర్లకు అలవాటైన జబ్బు.

మా రేంజ్‌కు వచ్చే ఒక కుర్రవాడిది అచ్చంగా మీ సమస్యే. అతడు అప్పటికే గురి చూసే స్కోప్ మార్చాడు, దాన్ని పట్టి ఉంచే రింగులు మార్చాడు, ఇక బ్యారెల్ మార్చే ఆలోచనలో ఉన్నాడు. నేను అతడి పక్క బెంచీపై కూర్చుని టార్గెట్ కంటే రైఫిల్‌నే ఎక్కువసేపు గమనించాను. అతడు ఇసుక సంచిని స్టాక్ ముందు కొస కింద పెట్టి, చెంప గట్టిగా ఆనించి, పై నుంచి స్కోప్ మీద ఎడమచేతిని కూడా మోపి కాలుస్తున్నాడు. గుళ్ళు పక్కలకు పెద్దగా పోవడం లేదు, నిలువుగా ఒక గీతలా సాగుతున్నాయి. రైఫిల్‌ను ఖాళీ చేయించి, తూటా కూర్చునే ఛాంబర్‌ను కళ్ళారా చూసుకున్న తరువాత, బ్యారెల్‌కూ స్టాక్‌కూ మధ్య ఒక పల్చని కాగితపు ముక్కను దూర్చాను. రైఫిల్‌ను చేతిలో పట్టుకున్నప్పుడు ఆ కాగితం ముందు కొస నుంచి ఛాంబర్ దగ్గరి వరకు అడ్డు లేకుండా జారింది. అదే రైఫిల్‌ను సంచి మీద పెట్టి, అతడిని ఎప్పటిలాగే చెంప ఆనించమంటే కాగితం మధ్యలోనే బిగుసుకుపోయింది. లోపల డొల్లగా ఉన్న ఆ ప్లాస్టిక్ స్టాక్ బరువు పడినప్పుడల్లా వంగి, బ్యారెల్‌ను కింది నుంచి పైకి నెడుతోందన్నమాట. చెంప ఒత్తిడి ప్రతిసారీ ఒకేలా ఉండదు కాబట్టి ఆ తోపుడూ ఒకేలా ఉండదు. సంచిని వెనక్కి జరిపి మ్యాగజైన్‌కు కాస్త ముందు, స్టాక్ గట్టిగా ఉన్న చోట పెట్టించి, స్కోప్ మీది చేయి తీయించాను. ఆ నిలువు గీత అక్కడికక్కడే కుదించుకుపోయి గుండ్రని గ్రూప్‌గా మారింది. పాత స్కోప్‌ను అప్పటికే తక్కువ ధరకు అమ్మేసుకున్నందుకు మాత్రం అతడు ఇంకా బాధపడుతూనే ఉన్నాడు.

సన్నని బ్యారెల్ వేడెక్కి వంగుతుందని చాలామంది చెబుతారు. తూటా అడుగు మధ్యలో దెబ్బతో పేలే పెద్ద సెంటర్‌ఫైర్ రైఫిల్ విషయంలో అది నిజమే కావచ్చు గానీ, పాయింట్ 22 తూటాలో ఉండే కొద్దిపాటి మందుతో, మామూలు వేగంతో కాల్చేవారికి అది మొదటి కారణం కాదు. బ్యారెల్‌ను ఎక్కడ ఏమి తాకుతోందన్నదే అసలు ప్రశ్న. 1964లో వచ్చిన రూగర్ 10/22 కార్బైన్ వంటి వాటిలో బ్యారెల్‌ను స్టాక్ ముందు కొసకు కలిపి పట్టే పట్టీ ఒకటి ఉంటుంది. మీదీ అలాంటిదే అయితే ఆ పట్టీ వదులుగా, బిగుతుగా ఉన్నప్పుడు గ్రూప్ ఎలా మారుతుందో విడివిడిగా చూడండి. స్టాక్ మరలను చేతికొద్దీ బిగించడం కూడా మరొక దురలవాటు. ప్లాస్టిక్‌లోకి మర ఎంత దిగితే అంత మంచిదనుకోవడం తప్పు; తయారీదారు పుస్తకంలో ఇచ్చిన బిగింపు కొలతను పాటించి, ప్రతిసారీ అదే కొలతకు బిగించడం ముఖ్యం. గుళ్ళు రెండు వేర్వేరు గుంపులుగా పడుతుంటే మాత్రం స్కోప్ బేస్ మరలో, స్టాక్ మరలో వదులై రెండు స్థానాల మధ్య ఊగుతున్నాయని నేను మొదట అనుమానిస్తాను.

ఇక తేలిక గురించి. ఈ తరగతి రైఫిల్ ఒకటి 2.3 కిలోల బరువు ఉంటే, దాని ఫ్యాక్టరీ ట్రిగ్గర్‌ను లాగడానికి కావలసిన బలం కూడా తరచుగా దాదాపు అంతే ఉంటుంది. తన బరువుతో సమానమైన బలంతో వేలు లాగుతుంటే రైఫిల్ కదలకుండా ఎలా ఉంటుంది? పైగా ఈ గుండు నెమ్మదైనది, వేగంగా పోయే సెంటర్‌ఫైర్ గుండు కంటే బ్యారెల్‌లో ఎక్కువసేపు ఉంటుంది. ట్రిగ్గర్ పడిన వెంటనే తల ఎత్తి టార్గెట్ వైపు చూసేవారి రైఫిల్, గుండు ఇంకా బయటికి రాకముందే కదలడం మొదలుపెడుతుంది. బరువైన మ్యాచ్ రైఫిల్ ఈ తప్పులను కొంత కప్పిపుచ్చుతుంది, తేలికపాటిది ఒక్కటి కూడా దాచదు. కాబట్టి మీరు డబ్బు పెట్టే తీరాలనుకుంటే, లైసెన్సు ఉన్న నిపుణుడి చేత ట్రిగ్గర్‌ను బాగు చేయించుకోండి.

తూటాల సంగతి దీనికి తక్కువదేమీ కాదు. మామూలు వేగపు తూటా సెకనుకు సుమారు 325 మీటర్ల వేగంతో, అంటే ధ్వని వేగానికి కాస్త తక్కువతో బయలుదేరుతుంది. అధిక వేగపు తూటా సుమారు 380 మీటర్లతో బయలుదేరి, దాదాపు 50 మీటర్ల దగ్గర వేగం తగ్గి ధ్వని వేగం కంటే తక్కువకు పడిపోతుంది, ఆ మార్పు దగ్గర గుండు కుదురు తప్పే అవకాశం ఉంటుంది. విచిత్రమేమిటంటే, 100 మీటర్ల దగ్గర పక్కగాలికి ఎక్కువగా కొట్టుకుపోయేది కూడా ఆ వేగపు గుండే. ఒకే పెట్టెలోని తూటాల మధ్య సెకనుకు 15 మీటర్ల తేడా ఉంటే 50 మీటర్ల దగ్గర దెబ్బ ఇంచుమించు ఒక సెంటీమీటరు పైకో కిందికో మారుతుంది. అంతర్జాతీయ 50 మీటర్ల పోటీ టార్గెట్‌లో పది వలయం వ్యాసమే 10.4 మిల్లీమీటర్లని గుర్తుంచుకుంటే, చవక పెట్టె కొని బ్యారెల్‌ను తిట్టడం ఎంత అన్యాయమో తెలుస్తుంది. మామూలు వేగపు తూటాల్లో మూడు నాలుగు రకాలు తెచ్చి పరీక్షించండి. రకం మార్చినప్పుడల్లా కొత్త గుండు మీది మైనం బ్యారెల్‌లో పరుచుకునేదాకా మొదటి కొన్ని గుళ్ళను లెక్కలోకి తీసుకోకండి.

అన్నట్టు, మూడే గుళ్ళు కాల్చి, వాటిలో అందమైన గ్రూప్‌కు ఫోటో తీసి చూపించేవారిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మూడు గుళ్ళు దగ్గరగా పడటం తరచుగా అదృష్టమే. పది గుళ్ళ గ్రూపులు కొన్ని కాల్చండి, వాటిలో అన్నిటికంటే చెడ్డదాన్ని కూడా లెక్కించండి. దూరంగా పడిన గుండును, అది చేతి తప్పేనని చెప్పి కొట్టివేయకండి. మీ స్కోప్ సెంటర్‌ఫైర్ కోసం చేసినదైతే, దాని పారలాక్స్ (కన్ను పక్కకు జరిగితే గురి గుర్తు జరిగినట్టు కనిపించే దోషం) సాధారణంగా 100 గజాలకో అంతకంటే దూరానికో సరిచేసి ఉంటుంది. 50 మీటర్ల దగ్గర కన్ను కాస్త పక్కకు జరిగినా స్కోప్‌లోని గురి గుర్తు టార్గెట్ మీద జరిగినట్టు కనిపిస్తుంది.

శుభ్రం చేయడంలో కూడా అతి పనికిరాదు. మెత్తని సీసపు గుండు బ్యారెల్‌ను అరగదీయదు, కానీ మజిల్ (బ్యారెల్ ముందు కొస) వైపు నుంచి, కడ్డీని మధ్యలో నిలిపే గైడ్ లేకుండా తోసిన ఉక్కు కడ్డీ క్రౌన్‌ను, అంటే గుండు బయటికి వచ్చే చోటి అంచును, తప్పక పాడుచేస్తుంది. తుడవవలసిందల్లా ఛాంబర్ ముందు అంచున గట్టిపడే మసి వలయాన్ని. చాలా రోజులు బాగా కొట్టి, ఈ మధ్యే క్రమంగా చెడుతున్న రైఫిల్‌లో నేను మొదట వెతికేది దాన్నే.

ఇవన్నీ ఒక్కొక్కటిగా, ఒకేసారి ఒకదాన్నే మారుస్తూ చూసిన తరువాత కూడా అన్ని రకాల తూటాలతో గ్రూప్ ఒకే విధంగా చెడుగా ఉంటే, అప్పుడు క్రౌన్‌ను భూతద్దంతో చూడండి. అంచు మీద గీతో నొక్కో కనిపిస్తే దాన్ని తిరిగి కోయించడం కొత్త బ్యారెల్ కంటే ఎంతో చిన్న పని. అప్పటికీ బరువైన బ్యారెలే కావాలంటే, అది మీ ప్రస్తుత స్టాక్ గాడిలో పట్టదు, గాడిని వెడల్పుగా తొలిపించాలి లేదా స్టాక్ కూడా మార్చాలి. అంతా అయ్యాక మీ చేతిలో మిగిలేది మీరు తేలికని మెచ్చి కొన్న రైఫిల్ మాత్రం కాదు.