ఒల్లనోడు వేరు, చేయలేనోడు వేరు

ప్రశ్న: అక్కా వందనాలు. మాది ఎర్రగుంట్ల పక్కన పల్లె. పదహారేళ్లు కడప బండల పాలిష్ దగ్గర పనిచేసినా, బండలు ఎత్తీ దించీ నడుములో డిస్క్ పోయింది, రెండేళ్లుగా ఇంట్లోనే ఉండాను. నా భార్య మిషన్ కుట్టి ఇల్లు నడుపుతాంది. చర్చిలో కానుక సంచి నా ముందుకొస్తే తల కిందికేసుకుంటా. మొన్న ఒక పెద్దమనిషి "పని చేయనోడు తినకూడదని బైబిల్లోనే ఉంది" అన్నాడు, నవ్వుతానే అన్నాడు గానీ ఆ రాత్రి ముద్ద దిగలా. దేవుడు నన్ను ఇంకా ఎందుకు ఉంచినాడక్కా?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ వాక్యం సంగతి చూద్దాం. రెండో థెస్సలొనీక 3:10 తియ్యి, "పని చేయనొల్లని యెడల" అని ఉంటాది. ఒల్లను అంటే ఏందో మన సీమోళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు, పిల్లోడికి సంగటి పెడితే "నాకొల్ల" అని మూతి తిప్పుకుంటాడే, అదే. పౌలు చెప్పింది ఒల్లక కూచున్నోడికి, చేయలేక కూచున్నోడికి కాదు. ఆ కింది వచనంలోనే పని మానేసి పరుల జోలికి పోయేవాళ్ల గురించి ఉంది, ఆ పెద్దమనిషి అదీ చదివింటే బాగుండు.

ఇంగ రెండో సమూయేలు 9 చదువు. దావీదు రాజు స్నేహితుడు యోనాతాను కొడుకు మెఫీబోషెతుకు రెండు కాళ్లూ కుంటివి, అయిదేళ్లప్పుడు దాది ఎత్తుకొని పరిగెత్తుతుంటే పడిపోయినాడు. రాజు పిలిపిస్తే నేను చచ్చిన కుక్కనంటాడు, నువ్వు ఇప్పుడు అనుకుంటున్నట్టే. దావీదు నీకేం పని వచ్చు అని అడగలా, తన బల్ల దగ్గరే రోజూ భోజనం పెట్టించినాడు, సేద్యం సౌలు ఇంటి పనోడు సీబాకి అప్పజెప్పినాడు. అధ్యాయం అయిపోయేటప్పటికి కూడా ఆయన కాళ్లు బాగు కాలేదు తమ్ముడూ. విశ్వాసం తక్కువై నీకు నయం కాలేదని ఎవరన్నా అంటే ఇది చూపించు.

మా అమ్మ ఆఖరి నాలుగేళ్లు మంచంలోనే ఉండె. దిండు కింద ఒక నోటుబుక్కు, వీధిలో ఎవరికి జరమొచ్చినా ఎవరి కూతురికి కాన్పు దగ్గరపడినా పేరు రాసుకొని తెల్లారుజామున పేరు పేరునా ప్రార్థన చేసేది, తర్వాత పిలిపించి ఎట్లుందని అడిగేది, ఈ అడిగే పనే పెద్దది, ప్రార్థన చేస్తామని చెప్పి మర్చిపోయేవాళ్లం మనం చానామంది. ఆమె పోయిన రోజు వెనకింటి సాయిబులామె వచ్చి బుక్కులో నా పేరుందా అని చూసుకునింది. నీకు టైముంది, ఫోనుంది, మొదలుపెట్టు. మీ ఆవిడకి గుండీలు, కాజాలు కుట్టిపెట్టొచ్చేమో డాక్టర్ని అడుగు. కానుక కూడా ఆమె వేసేది ఇద్దరిదే.

అన్నట్టు సదరం సర్టిఫికెట్‌కి, అదే వైకల్యం ఎంతుందో రాసిచ్చేదానికి, పోయినావా? వైకల్యం 40 శాతం, ఆపైన అని డాక్టర్లు తేలిస్తే పింఛన్‌కి అప్లై చేయొచ్చు, 2024లో వికలాంగుల పింఛను నెలకు 6000 చేసినారు. సిగ్గుపడి పోలేదేమోనని నా అనుమానం. సచివాలయంలో స్లాట్ అడుగు, ఈ సోమవారమే.