పొలంలో ఎయిర్ రైఫిల్ టార్గెట్‌కి ఎంత మందం ఇనుప ప్లేటు కావాలి?

దేవరకొండ దగ్గర చెలకలో పిల్లలకు ఎయిర్ రైఫిల్ నేర్పిస్తున్నానని, ఇనుప టార్గెట్లు వేలాడదీయడానికి ప్లేటు ఎంత మందం ఉండాలని తమ్ముడు అడిగాడు. మందం సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. లైసెన్సు అక్కర్లేని రైఫిల్ అయితే, అంటే 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌల్స్ లోపు బలం ఉన్నదైతే, మామూలు 6 ఎం.ఎం. ఎం.ఎస్. (మైల్డ్ స్టీలు) ప్లేటు చాలు. ఎయిర్ రైఫిల్‌లో వేసే చిన్న సీసం గుండు, అంటే పెల్లెట్, దాన్ని ఏమీ చేయలేదు. మిర్యాలగూడలో నాది వెల్డింగ్ షాపు. టార్గెట్ ప్లేటు కోసం వచ్చేవాళ్లందరూ మందం దగ్గరే ఆగిపోతారు. ప్లేటు చదునుగా ఉందా, ఏ వైపుకు వంగి వేలాడుతుంది, దాని వెనక ఏముంది అని ఒక్కరూ అడగరు. పిల్లల కళ్లు కాపాడేవి ఈ మూడే.

హాలియా అవతల మా చెల్లెలి వాళ్లకు బత్తాయి తోట ఉంది. ఒక ఎండాకాలం గేటు బిగించడానికి వెళ్లాను. మా మేనల్లుడు ట్రాక్టరుతో దున్నే డిస్క్ హారో బిళ్ల ఒకటి వేపకొమ్మకు తీగతో కట్టి కొడుతున్నాడు. "మామూలు ఇనుము గాదు మామా, బోరాన్ స్టీలు. రాళ్ల భూమిల తిరిగినా అరగది" అన్నాడు. ఆ మాట నిజమే, గట్టిదనంలో ఎం.ఎస్. ప్లేటు దాని ముందు నిలవదు. కానీ హారో బిళ్ల మూకుడులా లోతుగా ఉంటుంది. వాడు ఆ లోతు వైపే తనకు ఎదురుగా పెట్టుకున్నాడు. ఆగమని నేను అనేలోపే ట్రిగ్గర్ నొక్కేశాడు. ఠంగుమని మోగింది. ఆ వెంటనే మా వెనకాల టప్పుమని ఇంకో చప్పుడు. అక్కడ మంచం మీద కూర్చుని మా చెల్లెలు చింతపండులో గింజలు తీస్తోంది. పెల్లెట్ తిరిగొచ్చి ఆమె మోకాలి పక్కనున్న అల్యూమినియం గిన్నెకు తగిలింది.

మంచం కింద వెతికితే ఆ పెల్లెట్ దొరికింది. అరచేతిలో పెట్టుకుని చూశాను. తల కొంచెం అణిగింది, నడుము, వెనక అంచు చెక్కుచెదరలేదు. చదును ప్లేటుకు వేగంగా తగిలిన పెల్లెట్ బిళ్లలా చితికి అక్కడే రాలిపోతుంది, దాని ఊపంతా చితకడంలోనే ఖర్చయిపోతుంది. వాడి రైఫిల్ పాతది, స్ప్రింగు సడలింది. పెల్లెట్ నెమ్మదిగా వెళ్లింది, చితకలేదు, ఉన్న ఊపుతోనే వెనక్కి వచ్చింది. పైగా ఆ గుంట దాన్ని నేరుగా మనవైపే తిప్పింది. బలం తక్కువ రైఫిల్ కదా, భయం లేదు అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. స్టీలు గుండ్లు వేసే బొమ్మ తుపాకీలనైతే ఇనుము మీద అసలు వాడనివ్వకండి. అవి చితకవు, అలాగే తిరిగొస్తాయి.

"అయితే తిప్పి కడ్తా మామా" అన్నాడు వాడు. ఉబ్బు వైపు పెడితే ఎటు పోతుందో అసలు చెప్పలేం, పక్కన నిలబడ్డవాడికి తగులుతుంది. బిళ్ల విప్పించి నా బండిలో వేసుకున్నాను. మర్నాడు షాపులో జానెడు వెడల్పు చదును ప్లేటు కోసి పంపాను.

ఇక వేలాడదీయడం. అందరూ గొలుసు వాడతారు. నాకు నచ్చదు. పెల్లెట్ గొలుసు లింకుకు తగిలితే ఎటు ఎగురుతుందో తెలియదు, వానలకు తుప్పు పడుతుంది. మిర్యాలగూడలో రైస్ మిల్లులకు కొదవ లేదు. ప్రతి మిల్లులోనూ ధాన్యం పైకి తోడే ఎలివేటర్ ఉంటుంది, దాని రబ్బరు బెల్టు అరిగితే తీసి పారేస్తారు. లోపల గుడ్డ పొరలున్న ఆ బెల్టును రెండంగుళాల పట్టీలుగా కోస్తే అంతకంటే మంచి పట్టీ ఉండదు. ప్లేటు పైభాగంలో రెండు రంధ్రాలు, రెండు పట్టీలు. ఒకే పట్టీ అయితే దెబ్బ తగిలినప్పుడల్లా ప్లేటు పక్కకు తిరిగి, సీసం పక్కవాళ్ల మీదకు చిమ్ముతుంది. బోల్టు తల గుండ్రటిది ముందువైపు ఉండాలి, పట్టీ ప్లేటు వెనకాల ఉండాలి, నట్టు దానికీ వెనకాల. ఈ వరస తప్పొద్దు. పట్టీ వెనకనుంచి పట్టుకుంటే ప్లేటు బరువు ముందుంటుంది కాబట్టి కింది అంచు వెనక్కి జరిగి, పై అంచు మనవైపు వంగుతుంది. అప్పుడు చితికిన సీసం నేల మీదకే పోతుంది. వంపు చాలకపోతే పొడుగు బోల్టు వేసి, ప్లేటుకూ పట్టీకీ మధ్య రెండు వాషర్లు ఎక్కించండి. ఇరవై డిగ్రీల దాకా వంగినా మంచిదే.

పైన అడ్డంగా పైపు వద్దు, నీలగిరి కర్ర వేయండి. కర్రకు తగిలిన పెల్లెట్ అందులోనే ఉండిపోతుంది. పాడైతే ఇంకోటి మారుస్తాం.

ప్లేటు వెనక ఏముందనే దాని మీద నాకు చాలా కోపం ఉంది. మన నల్లగొండ వైపు ఎటు చూసినా గుట్టలు, రాతి గుండ్లు. పెద్ద గుండు కనిపిస్తే చాలు, దాని ముందే టార్గెట్ పెడతారు. రాయి మీద పడ్డ పెల్లెట్ ఎటైనా పోతుంది. రాళ్లు ఏరేసిన ఎర్రమట్టి కుప్ప మనిషి ఎత్తుకు పోయించండి. గురి తప్పిన పెల్లెట్ వందల మీటర్లు పోతుంది, ఆ వైపు మేకలు కాసేవాళ్లు ఉంటారు.

లైసెన్సు తుపాకీలకు ఈ 6 ఎం.ఎం. లెక్క పనికిరాదు, అది షూటింగ్ రేంజ్‌లో చేసుకునే పని. పిస్టల్ బుల్లెట్ తగిలితే ఎం.ఎస్. ప్లేటు గుంటలు పడుతుంది. తర్వాతి బుల్లెట్ ఆ గుంటలో పడితే ముక్కలు వెనక్కి చిమ్ముతాయి. అందుకే అక్కడ గట్టిదనం కొలిచే బ్రినెల్ లెక్కలో 500 ఉన్న ప్లేటు వాడతారు, పిస్టల్‌కు కనీసం తొమ్మిది పది మీటర్లు, రైఫిల్‌కు దాదాపు వంద మీటర్ల దూరం పాటిస్తారు. అలాంటి ప్లేటు ముక్క స్క్రాప్‌లో దొరికిందని షాపుకు తెచ్చి గ్యాస్ కటింగ్ చేయమంటారు. నేను చేయను. మంట తగిలినంత మేర గట్టిదనం పోతుంది. ఆ ప్లేటు అంచును గ్రైండర్ పెట్టి నున్నగా చేసినా, నీలం రంగు తిరిగిందంటే అక్కడ పని అయిపోయినట్టే. దాని మీద వెల్డింగ్‌తో కొక్కెం అతికించమనేవాళ్లకు ఎంత చెప్పినా అర్థం కాదు, పక్క షాపుకు పోయి చేయించుకుంటారు.

రంగుకు స్ప్రే డబ్బాలు కొని డబ్బు పారేయకండి. సున్నంలో కాస్త జిగురు కలిపి బ్రష్‌తో పూస్తే చాలు. తెల్లటి దాని మీద బూడిద రంగు మచ్చ పడితే దెబ్బ ఎక్కడ తగిలిందో పిల్లవాడికి వెంటనే తెలుస్తుంది. వానకు కొట్టుకుపోతే మళ్లీ పూయండి. పైపై తుప్పుకు భయపడాల్సిన పనిలేదు, వైర్ బ్రష్‌తో గీకితే పోతుంది. పట్టీ దగ్గర చీలిక, నట్టు వదులు, ప్లేటు అంచున లేచిన ముళ్లు, ఇవి మొదలుపెట్టే ముందు ప్రతిసారీ చూసుకోండి. ముళ్లు చేతికి తెలిస్తే ఆకురాయితో రాయండి.

కింద ఇసుక పోసిన తట్ట పెట్టి రాలిన సీసం ఏరిపెట్టండి. కోళ్లను అటు రానివ్వొద్దు. అవి గులకరాళ్లు మింగినట్టే సీసం మింగుతాయి, విషమెక్కి చస్తాయి. పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టకూడదు. ఏరిన సీసాన్ని పొయ్యి మీద కరిగించే ప్రయోగాలు ఇంట్లో వద్దు.

కొందరు తల్లిదండ్రులు గగన్ నారంగ్‌కు 2012 లండన్ ఒలింపిక్స్ ఎయిర్ రైఫిల్ పోటీలో కాంస్యం వచ్చింది కాబట్టి మావాడికీ వస్తుందని ఇనుప ప్లేట్లు చేయించుకుంటారు. ఆ పోటీలో పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు, దానికి కాగితం మీద సాధన చేయాల్సిందే. అయినా కొత్త పిల్లలకు ఇనుమే మంచిదని నా గట్టి నమ్మకం. ఠంగుమనే చప్పుడు కోసం ఊపిరి బిగబట్టి ఆగడం నేర్చుకుంటారు. ప్లేటు లేకపోతే పిట్టల మీదకు, నెమళ్ల మీదకు పోతారు. నెమలిని కొడితే జైలే, అది మొదటి రోజే చెప్పాలి.

రైఫిల్ పట్టినవాడికే కాదు, చూసేవాళ్లందరికీ కళ్లద్దాలు పెట్టించు తమ్ముడూ. బెల్టు దొరక్కపోతే మిర్యాలగూడ వైపు వచ్చినప్పుడు షాపుకు రా, నా దగ్గర ముక్కలున్నాయి. ప్లేటు కొలత, బోల్టు సైజు రాసుకుని తెస్తే రంధ్రాలు వేసి ఇస్తాను.