తాళి లేని కాపురం – కాగితాలే అండ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని గే పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాలకు మా న్యాయ, వైద్య సలహాదారుల జవాబులివి. గుర్తుపట్టే వివరాలు తీసేశాం.

*ప్రశ్న: మేమిద్దరం విజయనగరంలో ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఇంటి ఓనరుకి "రూమ్మేట్స్" అని చెప్పుకున్నాం. రేపు ఒకరికి ఏదైనా అయితే ఆస్పత్రిలోగానీ, బ్యాంకులోగానీ రెండోవాడి మాట చెల్లుతుందా?*

దానంతటదే చెల్లదు. ఇద్దరు మగవాళ్ల పెళ్లికి చట్టబద్ధత ఇవ్వడం తమ పని కాదని, అది పార్లమెంటు చూసుకోవాల్సిందని సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న చెప్పింది. దాన్ని మళ్లీ పరిశీలించమన్న పిటిషన్లనూ 2025 జనవరిలో కొట్టేసింది. పెళ్లితో వాటంతటవే వచ్చే హక్కుల్ని మీరు ఒక్కొక్కటిగా కాగితం మీదికి ఎక్కించుకోవాలి.

బ్యాంకుతో మొదలుపెట్టండి, అదే తేలిక. గే జంటలు జాయింట్ అకౌంట్ తెరవడానికీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ ఏ అడ్డూ లేదని కేంద్ర ఆర్థికశాఖ 2024 ఆగస్టు 28న స్పష్టం చేసింది. కౌంటర్‌లో కొర్రీ వేస్తే ఆ తేదీ చెప్పి మేనేజర్‌ని కలవండి. అకౌంట్ "ఇద్దరిలో ఎవరైనా, లేదా బతికున్నవారు" పద్ధతిలో ఉండాలి. "ఇద్దరూ కలిసి" అని టిక్ పెడితే ఒకరు ఐసీయూలో ఉన్నప్పుడు రెండోవాడు రూపాయి తీయలేడు.

చాలామంది బోల్తా పడేది నామినీ దగ్గరే. నామినీ సొమ్ము అందుకుంటాడు, అంతమాత్రాన హక్కుదారు కాడు. చట్టబద్ధ వారసులు వచ్చి అడిగితే ఇవ్వాల్సిందే. వీలునామా లేకుండా పోతే, పెళ్లికాని హిందూ మగవాడి స్వార్జితం తల్లికి వెళుతుంది. ఆమె మొదటి తరగతి వారసురాలు, తండ్రిది రెండో తరగతి. ఇరవై ఏళ్లు కలిసున్నవాడికి ఆ లెక్కలో చోటే లేదు.

కాబట్టి వీలునామా రాయండి. తెల్లకాగితం చాలు, స్టాంపు అక్కర్లేదు. ఇద్దరు సాక్షుల ఎదుట మీరు సంతకం చేయాలి, మీ ఎదుట వాళ్లు చేయాలి. ఆస్తి దక్కబోయేవాడిని సాక్షిగా పెట్టొద్దు. సాక్షులు మీకంటే వయసులో చిన్నవాళ్లైతే మంచిది, రేపు కోర్టులో నిలబడి చెప్పాల్సింది వాళ్లే కదా. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా మీలాంటివాళ్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లి చేయించుకోవాలనే మా సలహా. "మావాడికి అప్పుడు మతి లేదు, వాడే రాయించుకున్నాడు" అన్న వాదన మొదటిరోజే వస్తుంది. అదే రోజు తేదీతో డాక్టరు సర్టిఫికెట్ కూడా జత చేస్తే ఆ వాదనకి బలం తగ్గుతుంది. అమ్మకి ఎంతో కొంత రాసి, మిగతాది ఎవరికి, ఎందుకు ఇస్తున్నారో ఒక వాక్యంలో చెప్పండి. అసలేమీ దక్కని వాళ్లే కోర్టుకెక్కుతారు.

బతికుండగానే గిఫ్టుగా రాసిచ్చేస్తే సరిపోతుందనుకోవద్దు. ఆదాయపన్ను చట్టం దృష్టిలో మీ భాగస్వామి "బంధువు" కాడు. ఏడాదిలో 50 వేలు దాటిన గిఫ్టు అతని ఆదాయంలో కలుస్తుంది. వీలునామా ద్వారా వచ్చినదానికి ఆ పన్ను లేదు. జీపీఏ (ఒకరి తరఫున మరొకరు వ్యవహరించే అధికార పత్రం) రాసుకున్నాం, చాలనుకునేవాళ్లూ ఉన్నారు. రాసిన మనిషి పోయిన క్షణమే జీపీఏ చెల్లదు. పీఎఫ్ విషయంలో ఇంకో మెలిక ఉంది: మీ మీద ఆధారపడిన తల్లిదండ్రులు ఉంటే బయటి మనిషి పేరు నామినీగా పెట్టినా అది చెల్లదు.

ఆస్పత్రికొస్తే, స్పృహలో ఉన్న మేజరు రోగి సమ్మతి అతనిదే, బంధువులది కాదు. "పేషెంట్ తాలూకు ఎవరండీ?" అని పిలిచినప్పుడే చిక్కు. ఇప్పుడే ఇద్దరూ ఒకరికొకరు ఒక పేజీ అధికార పత్రం రాసుకోండి: "నాకు స్పృహ లేనప్పుడు నా వైద్యం గురించి ఫలానా వ్యక్తితో మాట్లాడండి, రిపోర్టులు అతనికి ఇవ్వండి". ఇద్దరి ఆధార్ కాపీలు జతచేసి, అడ్మిషన్ రోజే కేస్ షీటులో పెట్టించండి. డాక్టరు దానికి కట్టుబడి తీరాలని లేదు, కానీ ఏ కాగితమూ లేనివాడి మాటకంటే ఉన్నవాడి మాట నిలుస్తుంది. మానసిక వైద్యంలో మాత్రం ఇది గట్టి హక్కు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 14 కింద బంధువు కానివారినైనా మీ ప్రతినిధిగా రాసుకోవచ్చు.

అద్దె అగ్రిమెంట్‌లో ఇద్దరి పేర్లూ వేయించండి. ఒక్కరి పేరే ఉంటే, అతను పోయిన మర్నాడు రెండోవాడి సామాను వీధిలో ఉంటుంది.

*ప్రశ్న: యాప్‌లో పరిచయమైనవాడు శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో బండెక్కించుకుని ఊరి బయటికి తీసుకెళ్లాడు. అక్కడ ఇంకో ఇద్దరున్నారు. కొట్టి, నా చేతే పిన్ కొట్టించి 18 వేలు పంపించుకున్నారు. వీడియో తీశారు. మరో 50 వేలు ఇవ్వకపోతే మా నాన్నకి పంపుతామంటున్నారు. స్టేషన్‌కెళ్తే నా మీదే కేసు కడతారా?*

మీ మీద కట్టడానికి కేసే లేదు. మేజర్లయిన ఇద్దరు ఇష్టపడి ఏకాంతంలో కలవడం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తేల్చేసింది. 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో స్వలింగ సంపర్కాన్ని నేరమన్న పాత 377 లాంటి సెక్షనే లేదు. నేరం వాళ్లది. కొట్టి లాక్కోవడం సెక్షన్ 309, వీడియో చూపించి డబ్బు గుంజడం 308, బెదిరింపు 351. ఈ నంబర్లు చీటీ మీద రాసుకుని వెళ్లండి.

50 వేలు ఇవ్వొద్దు. ఇస్తే వీడియో పోదు, మీరు ఇచ్చే మనిషని వాళ్లకి రూఢి అవుతుంది, అంతే. సిగ్గుతో చాట్ చెరిపేయొద్దు, ముందే బ్లాక్ చేయొద్దు. కొన్ని యాప్‌లలో బ్లాక్ చేయగానే చాట్ మొత్తం మాయమవుతుంది. ప్రొఫైల్, ఫోన్ నంబరు, తేదీ, టైము కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి, మీరు నమ్మే ఒకరికి పంపి ఉంచండి. యూపీఐ హిస్టరీలో 12 అంకెల యూటీఆర్ నంబరు ఉంటుంది, అది రాసుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మీ బ్యాంకుకీ చెప్పండి. ఎంత తొందరగా చెబితే అంత మేలు, ఆ సొమ్ము గంటల్లోనే నాలుగు అకౌంట్లు మారుతుంది. పిన్ మార్చేయండి.

ఫిర్యాదులో మీరు గే అని రాయనక్కర్లేదు. "ఆన్‌లైన్‌లో పరిచయమైన వ్యక్తి ఫలానా రోజు ఫలానా చోటికి తీసుకెళ్లి, మరో ఇద్దరితో కలిసి కొట్టి, ఇంత సొమ్ము ఈ నంబరుకి పంపించుకున్నాడు, ఇప్పుడు వీడియో పేరుతో బెదిరిస్తున్నాడు" అంటే చాలు. అయితే ఎక్కడ పరిచయమని అడిగితే అబద్ధం ఆడకండి. చాట్ బయటికొచ్చాక మాట తేడా వస్తే కేసే బలహీనపడుతుంది. "అది మా హద్దు కాదు" అంటే జీరో ఎఫ్ఐఆర్ కట్టమనండి. ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాల్సిందే, కాపీ ఉచితంగా ఇవ్వాల్సిందే. అసలే కాదంటే అదే ఫిర్యాదును ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచుకోండి.

మీ దగ్గర ఆ వీడియో ఉంటే "స్టాప్ ఎన్‌సీఐఐ" అనే సైట్‌లో దాని డిజిటల్ ముద్ర నమోదు చేయండి. వీడియో మీ ఫోన్ దాటి వెళ్లదు, ఆ ముద్రను బట్టి అందులో చేరిన సోషల్ మీడియా కంపెనీలు దాన్ని గుర్తించి ఆపుతాయి.

ఇకముందు తొలిసారి కలిసేవారితో ముందు వీడియో కాల్ మాట్లాడండి, జనం తిరిగే టీ కొట్టు దగ్గరే కలవండి, వాళ్ల బండెక్కకండి. యూపీఐకి రెండు వేలకు మించి ఉండని అకౌంట్ తగిలించుకోండి.

*ప్రశ్న: మా మేనమామ కూతుర్ని నాకే చేసుకోవాలని చిన్నప్పట్నుంచీ అనుకున్నారు. ఆషాఢం వెళ్లగానే ముహూర్తం అంటున్నారు. కాదంటే మా యమ్మ చచ్చిపోతానంటోంది. – పలాస వైపు నుంచి*

చేసుకోవద్దు. మేనరికం కాబట్టి, రేపు కాపురం చెడితే ఆ అమ్మాయి బతుకూ, మీ అమ్మకి పుట్టింటితో బంధుత్వమూ రెండూ ఒకేసారి తెగుతాయి. నిజం దాచి చేసుకున్నారని తేలితే, తెలిసిన ఏడాదిలోపు ఆమె హిందూ వివాహ చట్టం సెక్షన్ 12 కింద పెళ్లి రద్దు కోరవచ్చు.

"చేసుకోను" అన్నది ముందు చెప్పండి, "ఎందుకు" అన్నది తర్వాత. రెండూ ఒకే పూట మోయలేరు, మీరైనా, వాళ్లైనా. కారణం మొదట చెప్పాల్సింది నాన్నకి కాదు. పిన్నో, వదినో, ఇంట్లో మాట చెల్లేవారు ఒకరుంటారు. పండగపూటో, చుట్టాలున్నప్పుడో వద్దు. టెన్త్ మెమో, డిగ్రీ ఒరిజినల్స్, ఆధార్, బ్యాంకు పుస్తకం ముందే బయట భద్రంగా ఉంచండి. గొడవయ్యాక వాటికోసం ఇంటికి వెళ్లడమే కష్టం. అమ్మ మాటని బెదిరింపని కొట్టిపారేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఆమెతోనైనా, మీతోనైనా.

*ప్రశ్న: ఆరునెలల కోర్సులో "మార్చేస్తాం" అని ఒక క్లినిక్‌లో 60 వేలు అడిగారు. ఇంట్లో కట్టేద్దామంటున్నారు. – రాజాం*

కట్టించకండి. గే కావడం జబ్బు కాదు, మందూ లేదు. ఇలాంటి "మార్పిడి" వైద్యం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022 ఆగస్టు 25న ప్రకటించింది. రిజిస్టరైన డాక్టరైతే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయండి, రశీదు, ప్రిస్క్రిప్షన్ జతచేసి. డాక్టరే కాకపోతే మోసం కింద పోలీసు కేసు. ఇంట్లో బంధిస్తే మీ స్నేహితుడు హైకోర్టులో హెబియస్ కార్పస్ (బంధించిన మనిషిని కోర్టు ముందుకు తీసుకురమ్మనే పిటిషన్) వేయొచ్చు. తండ్రి పట్టుకెళ్లిన ఒక యువతి విషయంలో మన హైకోర్టు 2024 డిసెంబరులో, ఆమె మేజరు, తనకిష్టమైన అమ్మాయితో ఉండొచ్చని చెప్పి పంపింది.

*ప్రశ్న: కండోమ్ ఎప్పుడూ చిరిగిపోతోంది. నాణ్యత లేదా?*

కొబ్బరినూనె వాడుతున్నారా? ఉద్దానంలో ప్రతి ఇంట్లో ఉండేది అదే. నూనె, వాజిలిన్, లోషన్ ఏదైనా లేటెక్స్‌ని నిమిషాల్లో నీరసపరుస్తుంది. నీటి ఆధారిత జెల్ మందుల షాపులో దొరుకుతుంది. చిరిగితే 72 గంటల్లోపు, వీలైతే అదేరోజు, ప్రభుత్వ ఆస్పత్రిలో హెచ్‌ఐవీకి చికిత్స చేసే ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్లి హెచ్‌ఐవీ సోకకుండా ఆపే పెప్ మందు అడగండి. 28 రోజులు మానకుండా వాడాలి. అక్కడ ఇవ్వకపోతే ఫిజీషియన్ చేత రాయించి కొనుక్కోండి. తర్వాత ఆరు వారాలకి, మూడు నెలలకి ప్రభుత్వ హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రం ఐసీటీసీలో పరీక్ష ఉచితం. వివరాలు గోప్యంగా ఉంచాలని చట్టమే ఉంది. సందేహాలకి హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097.

*ప్రశ్న: ఎవరో చేసిన దొంగతనాన్ని జిల్లా ఎడిషన్‌లో "స్వలింగ సంపర్కుడి ఘాతుకం" అని వేశారు. ఇలాంటి ఊళ్లో మనం ప్రైడ్ ర్యాలీ (ఆత్మగౌరవ నడక) చేయగలమా?*

నేరానికి సంబంధం లేకపోతే ఆ మాట శీర్షికలో ఎందుకని ముందు ఎడిటర్‌కి లేఖ రాయండి, క్లిప్పింగ్ జతచేసి. జవాబు రాకపోతే దినపత్రికైతే ప్రచురించిన రెండు నెలల్లోపు ప్రెస్ కౌన్సిల్‌కి పంపాలి. ఎడిటర్‌కి రాయకుండా నేరుగా పంపిన ఫిర్యాదు నిలవదు. కౌన్సిల్ జరిమానా వేయలేదు, మందలిస్తుంది. జిల్లా డెస్కుకి అదీ చిన్న విషయమేం కాదు.

ర్యాలీ చేయొచ్చు. 1999లో కోల్‌కతాలో దేశంలోనే తొలి నడకకి వచ్చింది పదిహేను మందే. హైదరాబాద్‌లో 2013లో మొదలైంది. అయితే మన టౌన్లలో మొదటి అడుగు రోడ్డు మీద కాక హాల్లో పడాలని మా అభిప్రాయం. ర్యాలీలో ముఖాలు దాగవు, మర్నాటికి ఊరంతా ఎరుగుతారు. అయినా నడవాలనుకుంటే పది పదిహేను రోజుల ముందే డీఎస్పీ ఆఫీసులో రూటు, టైము, జనం సంఖ్య, బాధ్యుల ఫోన్లు రాసి అనుమతి అడగండి. మైకుకి వేరే అనుమతి. ఊరేగింపుల మీద ఆంక్షలు పెట్టే పోలీసు చట్టం సెక్షన్ 30 అమల్లో ఉందేమో కనుక్కోండి, విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం రోజుల జోలికి పోకండి. ఫొటోలు వద్దనేవారికి ఒక రంగు రిబ్బను కట్టి, విలేకరులకి ఆ సంగతి ముందే చెప్పండి. మొదటి ఫొటో పడ్డాక చెబితే ప్రయోజనం ఉండదు.