బెంచీ మీద కూర్చునేవాడు కోచ్ కాగలడా?

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఉన్నా, ఎక్కువగా బెంచీ మీదే కూర్చుంటాను. ప్రొఫెషనల్ జట్టుకు కోచ్ కావాలని నా కోరిక. పెద్ద ఆటగాడు కానివాడు గొప్ప కోచ్ కాగలడా? ఏమేం ఉండాలి?

జవాబు: కాగలడు. మేటి పాయింట్ గార్డ్‌గా (బంతిని నడిపిస్తూ జట్టు ఆటను మలిచే ఆటగాడు) పేరున్న మ్యాజిక్ జాన్సన్ 1994లో లాస్ ఏంజెలెస్ లేకర్స్ జట్టుకు కోచ్‌గా వచ్చి, 16 మ్యాచ్‌లలో 5 గెలిచి 11 ఓడి, ఇక చాలనుకున్నారు. ఎరిక్ స్పోల్‌స్ట్రా అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 1995లో మయామీ హీట్ వీడియో గదిలో చేరారు. 2008లో అదే జట్టుకు హెడ్ కోచ్ అయి, 2012, 2013లలో టైటిల్ గెలిపించారు. అలాగని ఆట రాకపోయినా ఫర్వాలేదనుకోకండి, ఆయన యూనివర్సిటీ జట్టులో పాయింట్ గార్డే.

గొప్ప ఆటగాళ్లకు చాలా సంగతులు ఆలోచించకుండానే వచ్చేస్తాయి. ఎలా చేశావని అడిగితే చెప్పలేరు. కష్టపడి నేర్చుకున్నవాడికి ఎక్కడ తడబడతామో గుర్తుంటుంది.

ఇక ఏం ఉండాలంటే... టైమౌట్ (కోచ్ మాట్లాడేందుకు ఆటను ఆపే విరామం) చూడండి. ఎన్‌బీఏలో 75 సెకన్లు. ఆటగాళ్లు వచ్చి కూర్చుని, నీళ్లు తాగి, ఊపిరి పీల్చుకునేసరికే అందులో కొంత పోతుంది. మిగిలిన కాస్త సమయంలో కోచ్ బోర్డు మీద రెండు గీతలు గీసి, ‘స్క్రీన్ పడగానే స్విచ్ అవ్వండి, ఎడమ మూలను వదలొద్దు’ అని ముగించాలి (ప్రత్యర్థి ఒకడు అడ్డుగా నిలబడగానే, మీరు కాపలా కాసే ఆటగాళ్లను ఒకరితో ఒకరు మార్చుకోండి అని). ఆయన బుర్రలో అప్పటికి ఇరవై తప్పులు తిరుగుతుంటాయి. పద్దెనిమిది మింగేసి రెండే చెప్పడం అసలు విద్య. కొత్తవాళ్లు అన్నీ చెప్పేస్తారు, ఒక్కటీ ఎక్కదు.

వ్యూహాలంటారా, అవి వీడియోలు చూసి నేర్చుకోవచ్చు. చెవి పెట్టడం మాత్రం అంత తేలిక కాదు. 2015 ఎన్‌బీఏ ఫైనల్స్ సిరీస్‌లో గోల్డెన్ స్టేట్ జట్టు 1-2తో వెనకబడింది. కోచ్ స్టీవ్ కెర్ సహాయక బృందంలో నిక్ యూరెన్ అనే కుర్రాడు పాత ఫైనల్స్ వీడియోలు చూసి, బుట్ట దగ్గర ఆడే పొడగరి సెంటర్ బోగట్ బదులు ఇగ్వొడాలాను మొదటి ఐదుగురిలో దింపుదామన్నాడు. ఆ సీజన్‌లో ఇగ్వొడాలా ఒక్క మ్యాచ్ కూడా మొదటి నుంచి ఆడలేదు. కెర్ ఒప్పుకున్నారు. ఆ మ్యాచ్ 103-82తో గెలిచారు, తర్వాత సిరీస్ కూడా. ఇగ్వొడాలా ఫైనల్స్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు. ఆలోచన యూరెన్‌దని కెర్ అందరి ముందూ చెప్పారు. నన్నడిగితే ఆ చివరి మాటే ఆయన్ను పెద్ద కోచ్‌ని చేసింది.

ఒక చేదు మాట కూడా వినండి. జట్టు వరుసగా ఓడితే పదిహేను మంది ఆటగాళ్లను మార్చడం కష్టం, కోచ్‌ను మార్చడం సులువు. ఈ ఉద్యోగంలో టెన్షన్ ఎప్పుడూ ఉంటుంది. డిగ్రీని మధ్యలో వదలొద్దని నేననేది అందుకే.

చదువుతో పాటు స్కూలు పిల్లల జట్టు ఒకటి పట్టుకుని నేర్పండి, జీతం గురించి ఆలోచించకండి. మీ బెంచీని కూడా వాడుకోండి. ఈసారి మ్యాచ్‌లో మీ కోచ్ టైమౌట్‌లో చెప్పిన మాటలు నోట్‌బుక్‌లో ఒక వైపు రాయండి. ఆట మళ్లీ మొదలయ్యాక జట్టు వాటిలో ఏం చేసిందో రెండో వైపు రాయండి. పది మ్యాచ్‌లయ్యాక ఆ రెండు వైపులూ పక్కపక్కన పెట్టి చూసి, నాకు మళ్లీ రాయండి.